టీ ఎల్ ఫైలులో మిగిలిన పేరు

మా తమ్ముడు పోయాడని నాకు తెలిసింది ఒక మంగళవారం పొద్దున, ఏడుంబావుకి. అంతవరకు ఆ పొద్దుటికి ఏ ప్రత్యేకతా లేదు. ఐదింటికి కుళాయి వచ్చింది. రెండు డ్రమ్ములు పట్టాను. వాకిలి చిమ్మి నాలుగు గీతల ముగ్గు వేశాను. స్నానం చేసి, దీపం వెలిగించి, శ్రీశైలం మల్లన్న పటం ముందు అష్టోత్తరం చదువుకున్నాను. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. బడికి బయలుదేరడానికి ఇంకా అరగంట ఉంది. ఆ అరగంట ఎప్పుడూ తమ్ముడిదే. వాడు పంపిన రెండు పేజీలు ముందు పెట్టుకొని ఎర్ర పెన్ను తీశాను. మొదటి పేజీలో నాలుగు తప్పులు. రెండో పేజీలో "కంప్యూటరును మూసేముందు" అని రాశాడు. మూసేముందు కొట్టేసి ఆపేముందు అని రాస్తుంటే ఫోను మోగింది. మరదలు.

"వదినా, మీ తమ్ముడు లేస్తాలేడు" అంది. "పిలుస్తాండా, పలకతాలేడు."

నేను ఆటోలో కొత్త బస్టాండు దాటేసరికే అయిపోయింది. గుండె. వాడికి యాభై ఒకటి. నాకంటే ఆరేళ్లు చిన్న.

వాడెవరో మీకు తెలియదు. తెలియాల్సినంత పెద్దవాడు కాదు. కర్నూలులో ఒక కాలేజీలో కంప్యూటరు ల్యాబు చూసుకునేవాడు. అయితే మీ ఇంట్లో ఎవరైనా బడిలో కంప్యూటరు మీద తెలుగు టైపు నేర్చుకొని ఉంటే, ఏ వేలు ఏ మీట మీద ఉండాలో తెలుగులో చదివి ఉంటే, ఆ మాటలు వాడివే అయ్యుండవచ్చు. కిందటేడు తర్వాత చదివి ఉంటే, అక్కడ వాడి పేరు మీకు కనిపించి ఉండదు. ఎందుకు కనిపించలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎక్కడో పరాయి దేశంలో ఒకాయన టైపు నేర్పే ప్రోగ్రాము రాసి, అందరూ వాడుకోండని వదిలిపెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే. చేసినవాళ్ల పేర్లు తీయకూడదు. అలాంటి ప్రోగ్రాములను మామూలు మనిషి ఒక్క నొక్కుతో ఎక్కించుకునేలా సర్ది, కట్టి, ఒకచోట పెట్టేవాళ్లు ఉంటారు. అలా కట్టిన దాన్ని ప్యాకేజీ అంటారు. మా ఇంట్లో మూట అనేవాళ్లం. తమ్ముడు మూటలు కట్టేవాడు. దానికి జీతం లేదు. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా, ఉద్యోగానికి ముందు, పదమూడేళ్లు కట్టాడు. టైపు నేర్పే మూటలో నలభై పేజీల తెలుగు పత్రాలు సొంతంగా రాసి పెట్టాడు. రాసింది వాడు. టైపు చేసింది మరదలు, పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీ సెంటరు నడిపిన మనిషి. దిద్దింది నేను, తెలుగు పంతులమ్మను.

మూటలో ప్రోగ్రాముతోపాటు కొన్ని ఫైళ్లు పెడతారు. వాటి పేర్లు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పెట్టకూడదు. మొదట చదవాల్సింది రీడ్‌మీ. చేసినవాళ్ల పేర్లుండేది ఆథర్స్. హక్కు ఎవరిదో చెప్పేది కాపీరైట్. అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండేవి. ఒకసారి అడిగాను.

"ఎందుకురా, అరిచినట్టు అంతంత అక్షరాలు?"

"పాత కంప్యూటర్లలో పెద్దక్షరాల పేర్లు ముందొస్తాయక్కా. నూరు ఫైళ్లుండనీ, ఇది పైన కనపడాల. పెండ్లిపత్రిక మీద శ్రీరస్తు ఉండాది సూడు, అట్లా."

తెలుగు పత్రానికి ఇంగ్లీషు పేరేమిటని పట్టుబట్టాను. "చదువరికి" అని పెట్టమన్నాను. పెట్టి చూపించాడు. అది జాబితాలో అన్నిటికన్నా అడుగున పడింది.

"సూడక్కా నీ చదువరి యాడికి పోయినాడో. ఆ వరసలో మన అక్షరాలు శానా ఎనకాల."

నేను ఒక పూట వాడితో మాట్లాడలేదు. రెండు రోజులని వాడు అందరికీ చెప్పుకున్నాడు.

చివరికి పద్ధతి ప్రకారమే పోయాం. రీడ్‌మీ అని పెట్టి, చుక్క పెట్టి, భాషను తెలిపే రెండక్షరాలు తగిలించాలి. తెలుగుకు ఏ రెండక్షరాలు అన్నాడు. ఇందులో అడగడానికేముంది, తె కు టీ, లు కు ఎల్ అన్నాను. అక్క చెప్పిందని వాడు వెతకలేదు. టీ ఎల్ అని పెట్టి పంపేశాడు. మూడు నెలల తర్వాత ఫిలిప్పీన్స్ నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. "మా భాష ఫైలు తెరిస్తే గుండ్రటి అక్షరాలు కనిపించాయి. చాలా అందంగా ఉన్నాయి. ఒక్కటీ చదవలేకపోయాం." టీ ఎల్ వాళ్ల భాష గుర్తు. మనది టీ ఈ. తెలుగును అక్షరాలుగా పలికే పంతులమ్మ తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది.

తమ్ముడు నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏమక్కా, ఫిలిప్పీన్స్ పంతులమ్మా, బడికి యాల కాలేదా?" అనేవాడు కొన్నాళ్లు. పత్రాన్ని టీ ఈ కి మార్చాడు. టీ ఎల్ ఫైలును మాత్రం పూర్తిగా తీయలేదు. అందులో నాలుగు వరుసలు రాసి పెట్టాడు. ఇక్కడ పొరపాటున ఉన్న తెలుగు పత్రం సరైన చోటికి మారిందని, దాన్ని రాసింది తానని, దిద్దింది తన అక్క అని, క్షమించమని. కింద పూర్తి పేరు, తేదీ. అలాంటి ఫైలును, మూట కొత్తగా ఒకటి రెండుసార్లు విడుదలయ్యాక తీసేయాలి. తీయలేదు. అడిగితే, "నీ తప్పు ఒకటన్నా నా కాడ ఉండనీక్కా. నా తప్పులన్నీ నీ కాడుండాయి గదా" అన్నాడు.

పద్ధతి విషయంలో వాడు మా నాన్నకంటే గట్టి. కొత్తగా మూటలు కట్టేవాళ్లు, ప్రోగ్రాము ఎలా తయారుచేయాలో చెప్పే ఫైలును కూడా అందులో పెట్టేసేవాళ్లు. అది తీయించేవాడు. "వండిన అన్నం పెడతా, పొయ్యి అంటించేది ఎట్లనో సెప్పేదెందుకప్పా?" అని అడిగేవాడు. ఇంకో మాట ఉండేది, అది వాడి నోట ఎన్నిసార్లు విన్నానో. "చేసినోడి మాట చేసినోడి కాగితంలో. కట్టినోడి మాట కట్టినోడి కాగితంలో. కలపొద్దు." అంటే, ప్రోగ్రాము రాసినవాళ్ల రీడ్‌మీలో మూట కట్టినవాడు వేలు పెట్టకూడదు. తాను చెప్పాల్సింది ఏమైనా ఉంటే వేరే రీడ్‌మీ పెట్టుకొని, దానికి వేరే తోక తగిలించి, అందులో చెప్పుకోవాలి.

ఇవన్నీ తమ్ముడి పక్కన కూర్చొని నేర్చుకున్నాయన ఒకరున్నారు. అదే ల్యాబులో రెండేళ్లు పనిచేశారు. నన్ను అక్కా అని పిలిచేవారు. నా చేతి ఉగ్గాని తిన్నారు. తర్వాత కడపలో సొంత కంపెనీ పెట్టారు. కిందటేడు తమ్ముడికి మొదటిసారి గుండె ఇబ్బంది వచ్చి రెండు నెలలు మంచం మీద ఉన్నప్పుడు, "మూట కొన్నాళ్లు సూడప్పా" అని ఆయనకే అప్పగించాడు.

ఆయన చూశారు. తమ్ముడు లేచి కూర్చొని మూట విప్పేసరికి ఆథర్స్ ఫైలులో తెలుగు పత్రాల రచయితగా ఒక్క పేరు ఉంది, కడప ఆయనది. కాపీరైట్ ఫైలులో ఆయనదే. తెలుగు రీడ్‌మీ కింద ఆయనదే. నలభై పేజీల్లో మరొక్క అక్షరం మారలేదు. నేను కామా పెట్టిన చోట కామా అలాగే ఉంది. ఆ పత్రాలు చూపించి, తెలుగులో ఇది మా కంపెనీ చేసిన మొదటి పని అని బడులకు చెప్పుకుంటున్నారు.

మూట మార్చే హక్కు ఇప్పుడు ఆయన చేతిలో ఉంది కనుక తమ్ముడు ఆయనకు మూడు ఉత్తరాలు రాశాడు. అవీ నేనే దిద్దాను. మొదటిదాని అంచున "ఇంత మెత్తగా వద్దు" అని రాశాను. "పేరు పెట్టమంటాండా గానీ, ఆస్తి రాయమంటాన్నా?" అని నవ్వాడు. మెత్తగానే పంపాడు. మూడో ఉత్తరం తర్వాత ఆయన ఫోను చేశారు. నేను అక్కడే ఉన్నాను. ఫోను స్పీకరులో పెట్టి ఉంది.

"ఏందన్నా, సిన్న పిల్లోని మాదిరి. పేర్లదేముండాది? పని జరుగుతాంది గదా."

"పని జరుగుతాంది. నా పేరు యాడ పోయిందప్పా?"

"అది సిన్న ఫైలన్నా. ఎవరు సూస్తారు?"

"సరేలేప్పా" అని తమ్ముడు పెట్టేశాడు. కాసేపు కళ్లద్దాలు తుడుస్తూ కూర్చున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

వాడి గుండె ఆగింది ఆయన వల్ల అని అనను. డాక్టరు అనలేదు, నేనూ అనను. ఆ ఫోను తర్వాత తమ్ముడు పొద్దున ఐదింటికి లేవడం మానేశాడు. అది చూశాను. పదమూడేళ్ల అలవాటు ఒక్క మాటతో పోయింది. పోవడానికి వారం ముందు మాత్రం మళ్లీ కొత్తగా రెండు పేజీలు రాసి నాకు పంపాడు. వాటిలో ఒకటి సగం దిద్ది ఉంది. ఇక దిద్దను.

ఐదో రోజు కడప ఆయన పరామర్శకు వచ్చారు. తెల్ల చొక్కా, కారు, మనిషెత్తు దండ. ఫోటోకు దండ వేసి, కళ్లొత్తుకొని నా పక్కన కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్లు ఇచ్చాను.

"అన్న మాదిరి మనిషి దొరకడక్కా. నాకు గురువు" అన్నారు. "అన్న పేరు మీద ఏడాదికొక అవార్డు పెడదామనుకుంటాండా. పెద్ద సభ చేస్తాం. వదినమ్మను స్టేజీ మీద కూసోబెడతాం."

"అవార్డు వద్దప్పా. ఆథర్స్ ఫైలులో పేరు పెట్టు."

ఆయన మరదలి వైపు చూశారు. మరదలు నేల చూస్తోంది.

"ఆ సంగతి ఇప్పుడెందుకక్కా? ఆ ఫైలు ఎవరూ సూడరు."

"ఎవరూ సూడనిదైతే నువ్వు తీసిందెందుకు?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. నీళ్లు తాగలేదు. "మీరు బాధలో ఉండారు. పెద్దదినం అయినాక మాట్లాడదాం" అని లేచారు. కారు ఎక్కేటప్పుడు డ్రైవరుతో అన్న మాట మా చిన్న తమ్ముడి చెవిన పడింది. "ముసలామెకి ఏం తెలుసప్పా కంప్యూటరు సంగతి."

చిన్న తమ్ముడిది రాజంపేట దగ్గర బొప్పాయి తోట. నోటికంటే చెయ్యి ముందు లేచే మనిషి. వాణ్ని పట్టుకొని ఆపడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

ఆ రోజు నుంచి దీపం ముందు కూర్చున్నప్పుడు నేను తమ్ముడి గురించి ఏమీ అడగలేదు. వాడికి కావలసింది మల్లన్న చూసుకుంటాడు. కడప ఆయన గురించి అడిగాను. ఆయనను క్షమించే మనసు ఇమ్మని అడగలేదు. నూరేళ్ల ఆయుష్షు ఇమ్మన్నాను, కంటిచూపు తగ్గకుండా ఇమ్మన్నాను. బతికినంత కాలం తాను చేసినదాన్ని చదవగలగాలి. ఇలాంటి ప్రార్థన చేయవచ్చో లేదో నాకు తెలియదు. రోజూ చేశాను.

తొమ్మిదో రోజు పొద్దున, వాడు పోయాక మొదటిసారి, మరదలు కంప్యూటరు తెరిచింది. కడప ఆయన కట్టిన మూటను దించి, ఒక్కొక్క ఫైలే చూసుకుంటూ పోయింది. నేను వెనక నిలబడ్డాను. ఆథర్స్ తుడిచారు. కాపీరైట్ తుడిచారు. టీ ఈ తుడిచారు. మరదలు ఉన్నట్టుండి ఆగింది.

"వదినా, ఇది సూడు."

టీ ఎల్. నాలుగు వరుసలు ఉన్నవి ఉన్నట్టుగా ఉన్నాయి. రాసింది తానని, దిద్దింది అక్క అని, పూర్తి పేరు, తేదీ. టీ ఎల్ అంటే తెలుగు కాదని కడప ఆయనకు బాగా తెలుసు. ఏ పరాయి భాషో అనుకొని తెరవలేదు. తెలిసినాయన కనుకే తెరవలేదు. నా తప్పు ఆయన చేతికి అందలేదు.

మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తొమ్మిది రోజుల తర్వాత.

పెద్దదినం నాడు చుట్టాలు వెళ్లిపోయాక, సాయంత్రం ఐదింటికి, మేము ముగ్గురం ముందు గదిలో చేరాం. చిన్న తమ్ముడు చొక్కా చేతులు మడిచి సిద్ధంగా ఉన్నాడు.

"రేప్పొద్దున కడపకి పోతా. వాని ఆఫీసు ముందర, అందురూ సూస్తాండగా సొక్కా పట్టుకుంటా."

"పట్టుకుంటే ఏమవుతాది? సొక్కా చినుగుతాది" అన్నాను. "ఇంకోటి కొంటాడు."

"మరేం జేయాలక్కా? నీ మాదిరి దీపం పెట్టి కూసోవాల్నా?"

"దీపమూ పెడతా. ఫిర్యాదూ పెడతా."

మూటలన్నీ ఒకచోట చేర్చి ప్రపంచానికి పంచేవాళ్లకు ఫిర్యాదు చేయవచ్చు. అందరికీ కనిపించేలా చేయాలి. పేరు తీసేయడం వాళ్ల దగ్గర చిన్న తప్పు కాదు. నిజమని తేలితే, సరిదిద్దేదాకా ఆ మూటను తర్వాతి విడుదలలో పెట్టరు. టీ ఎల్ ఫైలు జతచేస్తే తేలడానికి రోజులు పట్టదు. కడప ఆయన మూట బయటికి పోతుంది. బడుల ముందు ఆయనకు తల ఎత్తుకోవడానికి ఉండదు. నాకు కావలసింది అదే.

మరదలు తల అడ్డంగా ఊపింది.

"మూట పోతే అందులో మీ తమ్ముడు రాసింది గూడా పోతాది గదా వదినా. బడుల్లో ఏం సదువుతారు? పేరు కోసరం పనిని సంపుకుంటామా?"

దాచను. ఆ నిమిషంలో నాకు పోతే పోనీ అనిపించింది. నలభై పేజీలూ పోయినా సరే, ఆయన పేరుతో మాత్రం ఒక్క పేజీ ఉండకూడదనిపించింది. నా ఎర్ర పెన్నుతో దిద్దిన పేజీలు అవి. అయినా అనిపించింది. మల్లన్న పటం వైపు చూడలేకపోయాను.

దారి చూపింది మరదలే. పత్రాలు బరువుగా ఉంటే వాటిని ప్రోగ్రాము నుంచి విడదీసి వేరే మూటగా కట్టవచ్చట. ఆ మూట పేరు చివర, డాక్యుమెంట్లని తెలిసేలా, డాక్ అన్న తోక ఉండాలట. ఇదీ పద్ధతే. "ఆయన కడుతాంటే పదమూడేండ్లు పక్కన కూసోని టైపు కొట్టినా. నేను కడతా" అంది. అంతకు ముందు ఆమె గొంతు అంత గట్టిగా మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు.

చీకటి పడకముందే అంతా తేలింది. ఫిర్యాదు ఆ సాయంత్రమే వెళ్లాలి. పత్రాల మూట వేరుగా రావాలి, రాసినవాడిగా తమ్ముడి పేరు, కట్టినామెగా మరదలి పేరు. కడప ఆయన మర్యాదగా పేరు తిరిగి పెడితే ఆయన మూట ఆయనకు ఉంటుంది, లేకపోతే పోతుంది. అవార్డు సభకు ఇంట్లో ఎవరమూ వెళ్లం. చిన్న తమ్ముడు కడపకు పోడు. ఈ చివరిదానికే ఎక్కువసేపు పట్టింది.

ఫిర్యాదు పంపేశాం. కొత్త మూటలో ఒక్క ఫైలు మిగిలింది. ప్రతి మూటలోనూ మార్పుల పట్టీ ఒకటి ఉంటుంది. ఏం మార్చారో, ఎందుకు మార్చారో అందులో రాయాలి. ఒకసారి రాసిన వరుసను తర్వాత ఎవరూ తీయకూడదు. మూట ఏ కంప్యూటరులోకి ఎక్కినా ఆ పట్టీ దానితోపాటు ఎక్కుతుంది. పత్రాలను ఎందుకు వేరుచేశామో మరదలు అందులో ఒక వాక్యం టైపు చేసింది. "పాత మూటలో రచయిత పేరు తొలగించబడినందున ఈ పత్రాలు వేరు చేయబడినవి."

"ఆఫీసు కాగితం మాదిరి ఉండాది" అన్నాను. "తొలగించబడితే ఎవరు తొలగించినట్టు? గాలా? చేసినాయన కనపడాల."

ఆమె తుడిచి మళ్లీ కొట్టింది. ఈసారి కడప ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, వాక్యం మొదట్లోనే వచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయను. రచయిత పేరును ఫలానావారు తొలగించారు, అందువల్ల ఈ పత్రాలను వేరుచేశాం. అంతే. ఒక్క విశేషణం లేదు.

చిన్న తమ్ముడు భుజం మీదుగా వంగి చూశాడు.

"తొలగించారు ఏందక్కా? వానికి 'రు' పెట్టేది యాడన్నా ఉండాదా? 'డు' కొట్టొదినా, తొలగించాడు అని."

"వద్దు. 'డు' పెడితే కోపంతో రాసినారంటారు" అన్నాను. "'రు' పెడితే నిజమంటారు. ఉండనీ."

మరదలు నా వైపు చూసింది. తల ఊపాను. ఆమె మీట నొక్కి మూట పంపేసింది. అంతసేపూ నిలబడే ఉన్న చిన్న తమ్ముడు కింద చాప మీద కూర్చున్నాడు.

"ఇంకోసారి సదువొదినా."

ఆమె చదివింది.

"ఇంకోసారి."